పరభాషలో పసిబిడ్డలు



మిషనెరీ పరిచర్య కొరకు సంఘంలో కానుక పట్టినప్పుడల్లా మన విశ్వాసుల నోట ఒక ప్రశ్న వింటుంటాము. "అయ్యగారూ, ఫలానా కుటుంబం దేశం కాని దేశం వెళ్లి ఏడాదయింది గదా! ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు?" ఇంకా ఎవరూ తీసుకోలేదమ్మా, వాళ్లింకా అక్కడి భాష నేర్చుకుంటున్నారు అని చెబితే అడిగినవారి ముఖం చిన్నబోతుంది. బడిలో కూర్చోవడానికా మనం పంపింది అని పైకి అనరు గాని, మనసులో అనుకుంటారు. అలా అనుకోవడం తప్పని మేము చెప్పము. రోజూ పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం వేరే డబ్బాలో తీసిపెట్టిన తల్లికి, కలుపు తీసిన కూలిలోనుంచి పది రూపాయలు ప్రభువు పేరట కట్టిన చెల్లికి ఆ ప్రశ్న అడిగే హక్కున్నది. జవాబు చెప్పవలసిన భారం మావంటి వారి మీదున్నది. ఈ నెల ఆ జవాబు వ్రాయుటకు ప్రయత్నిస్తాము.

ఇందుకు కోస్టా రికా అనే దేశాన్ని ఎన్నుకున్నాము. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలను కలిపే సన్నని నేలపట్టీలో, ఇరువైపుల సముద్రాల మధ్య ఉన్న చిన్న దేశమది. మన ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కూడా లేదు. జనాభా యాభై లక్షల పైచిలుకు. 1948లో అంతర్యుద్ధం ముగిశాక ఆ దేశం సైన్యాన్నే రద్దు చేసుకున్నది. నేటికీ సైన్యం లేదు. రాజధాని సాన్ హోసే సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైన, కొండల నడుమ లోయలో ఉంటుంది. చుట్టూ కాఫీ తోటలు, సాయంకాలం చల్లగాలి. మన అరకు చూసినవారికి ఆ నేల ఎలా ఉంటుందో కొంత ఊహకు అందుతుంది.

ఆ సాన్ హోసేలో మిషనెరీలకు స్పానిష్ భాష నేర్పే పాఠశాల ఒకటి కొన్ని దశాబ్దాలుగా ఉన్నది. లాటిన్ అమెరికాలో ఏ దేశానికి పిలుపు పొందినవారైనా, పెరూ వెళ్లేవారైనా, బొలీవియా వెళ్లేవారైనా, ముందు ఇక్కడికి వచ్చి ఏడాది, ఏడాదికి కొంచెం అటూ ఇటూ ఉండి భాష నేర్చుకొని పోతుంటారు. వచ్చేవారిలో ఎక్కువమంది ఉత్తర అమెరికా వారు. భార్యాభర్తలు, చంకలో ఒక బిడ్డ, చేయి పట్టుకొని మరొకరు. స్పానిష్ 20 దేశాలలో అధికార భాష. సుమారు 50 కోట్ల మందికి మాతృభాష. ఇంగ్లీషు తెలిసినవారికి స్పానిష్ సులువైన భాషల్లో ఒకటని పేరు. ఆ సులువైన భాషకే, పని చేసుకునేంత పట్టు రావాలంటే 600 నుండి 750 గంటల తరగతులు కావాలని అమెరికా ప్రభుత్వం తన విదేశాంగ ఉద్యోగుల శిక్షణకు లెక్క కట్టింది. అది తరగతి గంటల లెక్క మాత్రమే. ఇంటి దగ్గర వల్లె వేసుకోవడం, బజారులో తడబడడం ఆ లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు ఆ తండ్రిని తలంచుకోండి. స్వదేశంలో ఆయన ప్రసంగీకుడు కావచ్చు, వైద్యుడు కావచ్చు. నలుగురు ఆయన మాట విని నడుచుకున్నవారే. ఇక్కడ వీధి చివర 'పుల్పెరియా' అని పిలిచే కిరాణా కొట్టుకు వెళ్లి రెండు ఉల్లిపాయలు అడగడానికి ఇంటి దగ్గర నాలుగుసార్లు అనుకొని వెళ్లాలి. కొట్టు ఆమె తిరిగి ఏదో ఒక్క మాట అడిగితే చాలు, నేర్చుకొని వెళ్లిందంతా ఎగిరిపోతుంది. చివరికి వేలు చూపిస్తాడు. మూడేళ్ల పిల్లవాడు చేసే పని అది.

ఇల్లు వెదుక్కోవడం మరొక తిప్పలు. సాన్ హోసేలో వీధులకు పేర్లూ నంబర్లూ ఉన్నా జనం వాటితో చిరునామా చెప్పరు. "చర్చి దగ్గర నుండి దక్షిణానికి 200 మీటర్లు, అక్కడ నుండి తూర్పుకు 50" అంటారు. వంద మీటర్లంటే ఒక వీధి మలుపు అని లెక్క. ఒక్కోసారి ఆ గుర్తు కూడా ఇప్పుడు ఉండదు. నగరంలో ఒక పేటకు పాత మేడిచెట్టు దగ్గర అనే గుర్తు ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఆ చెట్టు పోయి చాలా ఏండ్లయింది. ఈ సంగతి చదివి మాకు నవ్వు వచ్చింది. మన పల్లెల్లో మాత్రం? కూలిపోయిన మోటబావి పేరు చెప్పే గదా నేటికీ దారి చూపిస్తాము! అయితే ఆ చెట్టును చూసినవారికి అది దారి. కొత్తగా వచ్చినవారికి ఎవరినైనా అడగక తప్పదు. అడగాలంటే నోరు తెరవాలి. తెరిస్తే తప్పు మాట వస్తుంది.

తప్పు మాటలంటే గుర్తుకు వచ్చింది. స్పానిష్‌లో పాపమును 'పెకాదో' అంటారు, తినే చేపను 'పెస్కాదో' అంటారు. మా పాపములు క్షమించుమని ప్రార్థించబోయి మా చేపలను క్షమించుమని ప్రార్థించినవారి కథ అక్కడి మిషనెరీలు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆకలి 'ఆంబ్రె', మనిషి 'ఓంబ్రె'. కాబట్టి ఆకలిగా ఉందని చెప్పబోయిన అమ్మాయి నాకొక మనిషి ఉన్నాడని చెప్పి కూర్చుంటుంది. అలసినవాడు 'కన్సాదో', పెండ్లి అయినవాడు 'కసాదో'. ఇది చాలదన్నట్లు కోస్టా రికాలో అన్నము, చిక్కుడు గింజలు, కూర, కొంచెం మాంసము కలిపి ఒకే పళ్లెంలో వడ్డించే మధ్యాహ్న భోజనానికీ 'కసాదో' అనే పేరు. తరగతి నుండి వచ్చిన భర్త అలసిపోయానని చెప్పబోయి పెండ్లి అయిందని చెబితే ఇంటి ఇల్లాలికి నవ్వు. అదే మాట సంఘ పెద్దల ఎదుట పొరపాటుగా దొర్లితే, నవ్వినవారితో కలిసి తానూ నవ్వగలగాలి. ఆ నవ్వు అంత తేలికగా రాదు. తన మాటకు విలువ ఉన్నదని నలభై ఏండ్లుగా నమ్మినవానికి మరీ కష్టము.

భాషలోకి కొంచెం లోతుగా వెళితే మనకు ఆశ్చర్యం కలిగించే సంగతులున్నాయి. స్పానిష్‌లో ఉండుటకు రెండు క్రియలు: సేర్, ఎస్తార్. ఒకడు ఎవడో, ఏమిటో చెప్పేటప్పుడు మొదటిది. ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో చెప్పేటప్పుడు రెండవది. ఇంగ్లీషు వారికి రెండు చోట్లా ఒకటే మాట గనుక దీని దగ్గర నెలల తరబడి తడబడతారు. మన తెలుగువానికి ఇందులో కొంత వెసులుబాటున్నది. "ఈయన మా పాస్టరుగారు" అంటాము, అందులో ఉన్నారు అనే మాటే లేదు. "పాస్టరుగారు ఇంట్లో ఉన్నారు" అంటాము, అక్కడ ఉన్నది. రెండు సంగతులూ వేరని మన నాలుకకు పుట్టుకతోనే తెలుసు.

ఇంకొకటి మాకు మరీ ఇష్టమైనది. బస్సు కొరకు ఎదురుచూచుటకు స్పానిష్‌లో వాడే క్రియ 'ఎస్పెరార్'. ఆశించుటకు, నిరీక్షించుటకు వాడే క్రియ కూడా అదే. దానిలోనుంచే 'ఎస్పెరాన్సా' అనే మాట వచ్చింది; రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు భక్తుడు చెప్పిన నిరీక్షణకు స్పానిష్ బైబిలులో ఆ మాటే ఉన్నది. మన తెలుగు బైబిలు అనువాదకులు కూడా సరిగ్గా అదే పని చేశారు గదా! నిరీక్షించుట అంటే ఎదురుచూచుట; ఆ మాటనే విశ్వాసి ఆశకు పేరుగా పెట్టారు. రెండు దూరదేశాల భాషలు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, బస్టాండులో నిలబడ్డవానికీ రాకడ కొరకు కనిపెట్టుకొన్నవానికీ ఒకే మాట ఇచ్చాయి.

మర్యాద సంగతి కూడా చెప్పాలి. స్పానిష్‌లో మనకున్నట్లే నువ్వు, మీరు అనే తేడా ఉన్నది. మీరు అనే మాట 'ఉస్తేద్'. చాలా దేశాల్లో దానిని పెద్దలకు, కొత్తవారికి వాడుతారు. కోస్టా రికాలో మాత్రం భార్యాభర్తలు ఒకరినొకరు, తల్లి తన పసిబిడ్డను కూడా 'ఉస్తేద్' అని పిలుచుట మామూలు. మన గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలను సైతం అండీ అని పిలిచే ఇండ్లు గుర్తుకు వస్తాయి. పుస్తకంలో నువ్వు అని నేర్చుకొని వచ్చినవాడు వీధిలో ఆ మాట వాడితే, వ్యాకరణం సరే గాని, మర్యాద తెలియని మనిషి అవుతాడు. ఇది పుస్తకం నేర్పదు. పక్కింటి అవ్వ నేర్పుతుంది.

ఆ పక్కింటి అవ్వ గురించే మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది. పరిచర్యకు వెళ్లినవారు ఇచ్చేవారనీ, అక్కడివారు పుచ్చుకొనేవారనీ మనం అనుకుంటాము. ఈ ఏడాదంతా లెక్క తిరగబడి ఉంటుంది. మాట ఇచ్చేది అవ్వ, పుచ్చుకొనేది మిషనెరీ. ఆమె తన వంటింట్లో కూర్చోబెట్టి, గుడ్డ సంచిలో కాఫీ వడపోసి, రాత్రి మిగిలిన అన్నము నల్ల చిక్కుడు గింజలతో వేయించి 'గాయో పింతో' పెట్టి, ఒక్కొక్క వస్తువు చూపించి పేరు చెబుతుంది. తప్పు పలికితే మళ్లీ చెబుతుంది. తన ఇంటికి దేశాంతరం నుండి వచ్చిన చదువుకున్న మనిషి తన దగ్గర నేర్చుకొంటున్నదని ఆమెకు తెలుసు. రేపు ఈమె సువార్త చెబితే ఆ అవ్వ వింటుందా వినదా అన్నది ప్రభువు చేతిలోని సంగతి. కాని తన చేత నేర్చుకొన్న మనిషి మాట వినడం వేరు, తనకు నేర్పడానికే వచ్చిన మనిషి మాట వినడం వేరు. పల్లెలో పుట్టి పెరిగిన మీకు ఈ తేడా మేము విప్పి చెప్పనక్కర లేదు. ఊరికి వచ్చి చాప మీద కూర్చొని మజ్జిగ తాగి వెళ్లిన అధికారిని మీరు గుర్తుపెట్టుకుంటారు, జీపు దిగకుండా మాట్లాడి వెళ్లినవానినీ గుర్తుపెట్టుకుంటారు.

మన ప్రభువు సంగతి చూడండి. ఆయన బహిరంగ పరిచర్య సుమారు మూడున్నర సంవత్సరాలు. దానికి ముందు ముప్పై ఏండ్లు నజరేతులో ఉన్నాడు. సర్వమును సృజించిన వాక్కు తానే అయినవాడు మరియమ్మ ఒడిలో కూర్చొని అమ్మా నాన్నా అనడం నేర్చుకున్నాడు. పండ్రెండేండ్లప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య ఆయన మొదట చేసినది వినుట, ప్రశ్నలడుగుట అని లూకా 2:46లో చదువుతాము. పేతురును ఆ రాత్రి పెరటిలో పట్టి ఇచ్చింది కూడా అతని పలుకే. మత్తయి 26:73 చూడండి. గలిలయ యాస అతనిని వదలలేదు. అదే పేతురు నోటిని పెంతెకొస్తు దినమున దేవుడు వాడుకున్నాడు. ఆ దినమున పరిశుద్ధాత్మ దేవుడు కూడివచ్చిన వారందరికీ ఒకే భాష నేర్పి వినిపించలేదు. ఎవరి మాతృభాషలో వారికి వినిపించాడు. కొందరు విశ్వాసులు మమ్మల్ని అడుగుతుంటారు, ఆనాటి వలె నేడు కూడా ఒక్క దినములో భాష ఇవ్వలేడా దేవుడు అని. ఇవ్వగలడు. కాని సాధారణంగా ఆయన పక్కింటి అవ్వ ద్వారా ఇస్తున్నాడు. ఆ అవ్వకు కూడా అందులో ఒక పాలున్నదని మేము తలంచుచున్నాము.

ఇక తల్లి సంగతి, పిల్లల సంగతి. భర్త తరగతికి వెళ్లి నేర్చుకుంటాడు, భార్య పసిబిడ్డతో ఇంట్లో ఉండిపోతే? ఏడాది గడిచేసరికి భర్తకు స్నేహితులున్నారు, సంఘమున్నది, మాటలున్నవి. ఆమెకు నాలుగు గోడలున్నవి. ఆ తరువాత ఆయన బొలీవియా కొండల్లో ఎంత పరిచర్య చేసినా ఆమె పదేండ్లయినా మూగదానిలాగే ఉండవలసి వస్తుంది. పరభాషా దేశాల నుండి కుటుంబాలు మధ్యలో తిరిగి వచ్చేయడానికి ఇదొక పెద్ద కారణమని మా నమ్మకం. కాబట్టి తల్లి కూడా తరగతికి వెళ్లడానికి బిడ్డను చూసుకొనే ఏర్పాటు ఉండాలి. అది విలాసమని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. కాలు రెండున్న మనిషిని ఒక్క కాలితో నడిపించడం పొదుపు కాదు.

పిల్లల తీరు వేరు. మొదటి రెండు నెలలు ఏడుస్తారు. బడికి పోమంటారు. మూడవ నెల బంతి ఆటలో కలుస్తారు. ఆరవ నెలకు తలిదండ్రులను మించిపోతారు. ఆ తరువాత కొట్టుకు వెళ్లేటప్పుడు తండ్రి ఏడేండ్ల కొడుకును వెంట తీసుకుపోతాడు. కొట్టు ఆమె చెప్పింది కొడుకు విని నాన్నకు చెబుతాడు. ఇది మనకు తెలియని దృశ్యం కాదు. పాలమూరు నుండి బొంబాయికి, పూనాకు వలస వెళ్లిన కుటుంబాల్లో ఆసుపత్రిలో డాక్టరు అడిగినదానికి తల్లి తరపున ఎనిమిదేండ్ల పిల్ల హిందీలో జవాబు చెప్పడం మనవారెందరో చూశారు. పిల్ల తెలివికి సంతోషిస్తాము. కాని ఆ ఇంట్లో పెద్దరికం తలక్రిందులవుతుంది. తండ్రి గద్దిస్తే, నీకు మాట్లాడ్డమే రాదు గదా అనే చూపు పిల్లవాని కండ్లలో వస్తుంది. దానికి మందు ఒక్కటే. పిల్లవానిని గురువుగా ఒప్పుకొని, సాయంకాలం పక్కన కూర్చోబెట్టుకొని నేర్చుకోవాలి. గురువుగా గౌరవించిన తండ్రిని పిల్లవాడు తండ్రిగానూ గౌరవిస్తాడు. అవమానంగా తలచి దాచుకున్న తండ్రికే తంటా.

మరి సేవ ఎప్పుడు? నేర్చుకొనే ఏడాదిలోనే నోరు అంతగా అవసరం లేని పనులు ఎన్నో ఉన్నవి. ఆరాధన ముగిశాక కుర్చీలు సర్దవచ్చు, విందులో గిన్నెలు కడగవచ్చు, పిల్లలతో ఆడవచ్చు. సాన్ హోసే నగరం అంచున లా కార్పియో అనే బీదపేట ఉన్నది. పొరుగు దేశమైన నికరాగువా నుండి బ్రతుకుతెరువు కొరకు వచ్చినవారు అక్కడ వేలమంది. చెత్త పోసే నేల ప్రక్కన, రేకుల ఇండ్లలో ఉంటారు. అటువంటి చోట పిల్లలకు అన్నము వడ్డించడానికి పెద్ద వ్యాకరణం అక్కర లేదు. ఆ పిల్లలు తప్పులు దిద్దుతారు, జాలి లేకుండా దిద్దుతారు. వారికన్న మంచి ఉపాధ్యాయులు దొరకరు.

ఇక్కడ ఒక మాట. స్పానిష్ వచ్చినంత మాత్రాన ప్రయాణం ముగియదు. కాఫీ పండ్లు కోసే కాలంలో పనామా సరిహద్దు దాటి ఙాబె అనే ఆదివాసి ప్రజలు కుటుంబాలతో సహా కోస్టా రికా తోటలకు కూలికి వస్తారు. వారి మాతృభాష స్పానిష్ కాదు. తలమాంక కొండల్లో బ్రిబ్రి, కబేకర్ అనే జనములున్నారు, వారి భాషలు వేరు. ఇటువంటి వారందరికీ స్పానిష్ అంటే బజారు మాట, కచేరీ మాట, యజమాని మాట.

1917లో కామెరాన్ టౌన్‌సెండ్ అనే యువకుడు స్పానిష్ బైబిళ్లు అమ్మడానికి గ్వాటెమాలా వెళ్లాడు. అక్కడి కక్చికెల్ జనులకు స్పానిష్ రాదు. మీ దేవుడు అంత గొప్పవాడైతే మా భాష ఆయనకెందుకు రాదు అని వారిలో ఒకడు అడిగాడని ప్రసిద్ధి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అతనికి పది సంవత్సరాలకు పైగా పట్టింది. కక్చికెల్ క్రొత్త నిబంధన 1931లో వెలువడింది. తరువాత విక్లిఫ్ బైబిలు అనువాదకుల సంస్థను స్థాపించినది ఆయనే. అసలు ఆ స్పానిష్ బైబిలు మాత్రం సుఖంగా వచ్చిందా? కాసియోదోరో దె రేనా అనే సెవిల్ మఠవాసి మతవిచారణ న్యాయసభకు దొరకకుండా స్పెయిన్ విడిచి పారిపోయి, లండనులో, ఆంట్వెర్పులో, ఫ్రాంక్‌ఫర్టులో తలదాచుకొంటూ అనువదించి 1569లో బాసెల్ పట్టణంలో అచ్చు వేయించాడు. తన భాష వినబడని ఊళ్లలో తన జనులకు బైబిలు ఇచ్చాడు.

1952లో ఎలిసబెత్ హోవర్డ్ అనే యువతి ఈక్వడార్ వెళ్లింది. క్విటో నగరంలో స్పానిష్ నేర్చుకున్నది. తరువాత పడమటి అడవుల్లో కొలరాడో అని పిలువబడిన ఆదివాసుల భాషకు ఇంకా లిపి లేదు గనుక, రెండు భాషలూ తెలిసిన ఒక మనిషి సహాయంతో ఒక్కొక్క మాట వ్రాసుకోసాగింది. ఆ మనిషిని ఎవరో తుపాకితో కాల్చి చంపారు. వ్రాసుకున్న కాగితాలు, అట్టలు అన్నీ ఉన్న పెట్టె ఒక ప్రయాణంలో దొంగిలించబడింది, మళ్లీ దొరకలేదు. ఆమె ఒక సంవత్సరపు కష్టం ఆ పెట్టెతో పోయింది. ఆమెను ప్రేమించిన జిమ్ ఎలియట్ తూర్పు అడవుల్లో కిచువా జనుల మధ్య పనిచేస్తున్నాడు. ముందు కిచువా నేర్చుకుంటేనే పెండ్లి అన్నాడు. ఆమె నేర్చుకున్నది. 1953 అక్టోబరు 8న వారికి క్విటోలో వివాహమైంది. 1956 జనవరి 8న జిమ్ మరి నలుగురు స్నేహితులతో కలిసి కురరాయ్ నది ఒడ్డున వౌరాని జనుల ఈటెలకు బలైన సంగతి మీలో చాలామంది విన్నదే. 1958లో ఆమె మూడేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని, చనిపోయిన వారిలో ఒకరి అక్కతో కలిసి, ఆ వౌరానీల మధ్యకే వెళ్లి కాపురముండి మళ్లీ మొదటి నుండి మాటలు నేర్చుకోసాగింది. భర్తను చంపినవారు పలికే పలుకులను ఒక్కొక్కటే నోట పట్టుకున్నది. ఈక్వడార్‌లో ఆమె నేర్చుకున్న నాలుగవ భాష అది.

ఈ కథలన్నీ మనకెందుకని అడగవచ్చు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడు నిలిచాడు. 1809లో క్రాన్, 1810లో డి గ్రాంజెస్ మరణించారు. డి గ్రాంజెస్ అనువదించిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినప్పుడు చూసుకోవడానికి ఆ ఇద్దరిలో ఎవరూ లేరు. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషను ఎన్నో ఏండ్లు వేళ్ల మీద లెక్కపెట్టగల ఫలితం మాత్రమే చూసింది. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారనే ప్రశ్న అమెరికాలో కూడా అడిగారు. 1853లో జరిగిన సభలో ఆ మిషనును మూసివేద్దామా అని చర్చించారు. మూయలేదు. 1865లో వచ్చిన క్లౌ దొరగారు మరుసటి సంవత్సరం ఒంగోలులో కాపురం పెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1853లో ఈ తెలుగు నేర్చుకొనే పని దండుగ అని మూసివేసి ఉంటే ఏమయ్యేదో మేము చెప్పలేము.

ఇప్పుడు మన వంతు వచ్చింది. మన తెలుగు సంఘాలు కూడా పనివారిని పంపుతున్నాయి. కోయల మధ్యకు, సవరల మధ్యకు, ఆదిలాబాదు గోండుల మధ్యకు, సరిహద్దు దాటి ఒడిషాకు, ఛత్తీస్‌గఢ్‌కు. వెళ్లినవారిలో చాలామంది తెలుగులోనే బోధిస్తున్నారు. వాళ్లకు తెలుగు వచ్చు గదండీ అంటారు. వచ్చు. సంతలో చింతపండు అమ్ముకొనేంత వచ్చు. అటవీ ఉద్యోగికి జవాబు చెప్పేంత వచ్చు. కాని బిడ్డ జ్వరంతో మూలిగే రాత్రి ఆ తల్లి తెలుగులో ఏడవదు. అక్కడ తెలుగు ఏమిటంటే కోస్టా రికాలో ఙాబె కూలివానికి స్పానిష్ ఏమిటో అది. మన తెలుగు మనకు అమ్మ ఒడి గనుక, మరొకరికి అదే కచేరీ మాట అవుతుందని మనకు తోచదు.

కాబట్టి పనివారిని పంపే సంఘాలకు, పాస్టరేటు కమిటీలకు మా మనవి. ఏజెన్సీకి కుటుంబాన్ని పంపేటప్పుడు మొదటి ఏడాది జీతము భాష నేర్చుకోవడానికే అని తీర్మానంలో వ్రాయండి. ఆ ఏడాది రిపోర్టులో బాప్తిస్మముల వరుస ఖాళీగా ఉండనివ్వండి. మాట నేర్పే ఊరి పెద్దమనిషికి రోజు కూలి కట్టి ఇవ్వండి, అతని పొద్దు ఊరికే తీసుకోవద్దు. ఆ కూలి కూడా సువార్త ఖర్చులోనే వ్రాయవచ్చు. ఆ పెద్దమనిషి వారానికి రెండు పూటలు పనివాని భార్యకు వేరుగా నేర్పేటట్లు మాట్లాడండి. ఆ పూటలు పిల్లలను చూసుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. మన స్త్రీల సమాజం వారు వంతులు వేసుకొని నెలకొకరు వెళ్లి ఉండగలరేమో ఆలోచించండి. దారి ఖర్చు భరించగల సంఘాలకు ఇది కానిపని కాదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో పరభాష నేర్చుకుంటున్న తల్లులను, ముఖ్యంగా పసిబిడ్డలున్న వారిని జ్ఞాపకం చేసుకోండి. మీ సంఘం పంపిన కుటుంబం ఉంటే వారికి ఉత్తరం వ్రాయండి. ఈ నెల నేర్చుకున్న మాటలు ఏవని అడగండి. ఒక పది మాటలు తెలుగు అక్షరాలలో వ్రాసి పంపమనండి. సండేస్కూలులో నల్లబల్ల మీద అవి వ్రాసి పిల్లల చేత పలికించండి. సరిగ్గా పలకడం రాదు, పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.